కాందిశీకుడు, శరణార్థి, అక్రమ వలసదారు: ఒకే మనిషికి మూడు పేర్లు

2025 సెప్టెంబరు మొదటి వారంలో చెన్నై పెరంబూరులోని మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గుంపులోకి ఒకే రోజు రెండు కబుర్లు వచ్చాయి. "శ్రీలంక తమిళులకు పౌరసత్వం ఇచ్చేశారు" అని ఒకటి. "శ్రీలంక తమిళులను ఇక వెనక్కి పంపేస్తారట" అని ఇంకొకటి. రెండూ ఒకే ప్రభుత్వ ఉత్తర్వును చూపించాయి. రెండూ తప్పే. ఆ రోజుల్లో మా మూడో అంతస్తుకు రంగులు వేస్తున్న మేస్త్రి గుమ్మిడిపూండిలోని శ్రీలంక శరణార్థుల క్యాంపు నుంచి లోకల్ రైలులో వచ్చేవాడు. పక్కింటి పెద్దాయన ఉండబట్టలేక, "ఏం మేస్త్రీ, మీకు పౌరసత్వం వచ్చిందటగా?" అని అడిగారు. ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న ఊళ్లో ముప్పై అయిదేళ్లుగా ఉంటున్నవాడికి తెలుగు రాకుండా ఎలా ఉంటుంది? తెలుగులోనే జవాబిచ్చాడు: "పౌరసత్వం కాదు సార్. జైల్లో వేయం అన్నారు, అంతే."

ఉత్తర్వు సారం ఆ జవాబులో పూర్తిగా ఉంది. అయితే జైల్లో వేయకపోవడానికీ పౌరసత్వానికీ మధ్య ఇంత దూరం ఎక్కడి నుంచి వచ్చింది? యుద్ధానికి భయపడి పక్క దేశానికి వచ్చినవాడిని చట్టం ఏమని పిలుస్తుంది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతకాలంటే మాటల దగ్గర మొదలుపెట్టాలి. చిక్కులో సగం అక్కడే ఉంది.

దిక్కు అన్న మాటకు రెండు అర్థాలు

పాత తెలుగు పత్రికలు శరణార్థులను కాందిశీకులు అనేవి. సంస్కృతంలో "కాం దిశం" అంటే "ఏ దిక్కుకు" అని. ఏ దిక్కుకు పోవాలో తెలియక పరుగు తీసేవాడు కాందిశీకుడు. శరణార్థి అలా కాదు. పరుగు ఆపి, ఒక గుమ్మం ముందు నిలబడి, ఆశ్రయం అడిగేవాడు. తమిళంలో ఇతన్ని అగది అంటారు, అంటే గతి లేనివాడు. మన భాషలో "దిక్కు" అన్న మాటకు వెళ్లవలసిన వైపు అనీ అర్థం ఉంది, ఆదుకునే మనిషి అనీ అర్థం ఉంది. కాందిశీకుడు వెతికేది మొదటి దిక్కు, శరణార్థి అడిగేది రెండోది. అంతర్జాతీయ చట్టం పట్టించుకునేది ఈ రెండో దిక్కునే: ఎవరు ఆదుకోవాలి, ఎంతకాలం, ఏ షరతుల మీద.

చట్టం వాడే మిగతా మాటలు కూడా ఒకసారి చూద్దాం. పని కోసమో చదువు కోసమో తనంతట తాను వెళ్లినవాడు వలసదారు. తిరిగి రావాలనుకుంటే అతని దేశం అతన్ని రానిస్తుంది. ఆశ్రయం అడిగి, ఇంకా నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నవాడు ఆశ్రయార్థి. ఇల్లు వదిలినా సరిహద్దు దాటనివాడు అంతర్గత నిర్వాసితుడు. ఏ దేశమూ తన పౌరుడిగా ఒప్పుకోనివాడు దేశరహితుడు. ఈ తేడాలు పుస్తకాల్లోవే కదా అనిపించవచ్చు. కానీ ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క ప్రకారం 2024 చివరికి బలవంతంగా ఇళ్లు వదిలినవారు ప్రపంచంలో 12.32 కోట్ల మంది ఉంటే, వారిలో 7.35 కోట్ల మంది సరిహద్దు దాటనే లేదు. శరణార్థుల లెక్కలోకి వచ్చేవారు 4.27 కోట్లు. వీరిలోనూ మూడింట రెండు వంతుల మంది ఉన్నది తమ పక్క దేశంలోనే. బాంబులు పడుతున్నప్పుడు ఎవరైనా దూరం చూసుకోరు, దగ్గరి గట్టు చూసుకుంటారు. సూడాన్ నుంచి చాద్‌కు, సిరియా నుంచి తుర్కియేకు, మయన్మార్ నుంచి మిజోరంకు, శ్రీలంకలోని మన్నార్ నుంచి తమిళనాడులోని ధనుష్కోడికి. అందుకే ఈ భారం ఎక్కువగా మోసేది ధనిక దేశాలు కావు, పొరుగు దేశాలు.

యుద్ధం నుంచి పారిపోతే శరణార్థి అయినట్టేనా?

అయినట్టే అని మనం అనుకుంటాం. కానీ 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో ఇచ్చిన నిర్వచనంలో యుద్ధం ఊసే లేదు. జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం అనే అయిదు కారణాల్లో ఏదో ఒకదాని వల్ల తనను హింసిస్తారన్న సహేతుకమైన భయంతో దేశం వదిలినవాడే ఆ ఒప్పందం దృష్టిలో శరణార్థి. ఊరి మీద ఫిరంగి గుండు పడింది కాబట్టి పారిపోయాను అంటే సరిపోదు. ఆ గుండు నన్ను ఎందుకు వెతుక్కుంటూ వచ్చిందో చెప్పాలి.

ఇలా ఎందుకు రాశారంటే, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్‌లో చెల్లాచెదురైనవారిని మనసులో పెట్టుకుని రాశారు. మొదట్లో అది 1951 జనవరి 1కి ముందు జరిగిన సంఘటనలకే వర్తించేది. కావాలంటే యూరప్ వరకే పరిమితం చేసుకునే వీలు కూడా దేశాలకు ఇచ్చింది. 1967 ప్రోటోకాల్ ఆ తేదీని తీసేసింది. తుర్కియే మాత్రం యూరప్ పరిమితిని ఇప్పటికీ వదులుకోలేదు. అందుకే లక్షలాది సిరియన్లకు ఆశ్రయమిచ్చిన ఆ దేశం వారికి శరణార్థి హోదా ఇవ్వలేదు, "తాత్కాలిక రక్షణ" ఇచ్చింది. ఆశ్రయం దొరికినా పేరు దొరకకపోవచ్చు. ఇది మన కథలోనూ వస్తుంది.

నిర్వచనం చాలడం లేదని ముందుగా గుర్తించినవి యుద్ధాలను దగ్గర నుంచి చూసిన ఖండాలే. 1969లో ఆఫ్రికా దేశాలు తమ ఒప్పందంలో విదేశీ దాడి, ఆక్రమణ, శాంతిభద్రతలు తీవ్రంగా చెదిరిపోయే పరిస్థితులను చేర్చాయి. 1984లో లాటిన్ అమెరికా దేశాలు కార్తాహేనా ప్రకటనతో అదే దారి పట్టాయి. యూరప్ దగ్గర 2001 నుంచి తాత్కాలిక రక్షణ నియమం ఉన్నా, దాన్ని మొదటిసారి బయటికి తీసింది 2022 మార్చిలో, ఉక్రెయిన్ ప్రజల కోసం. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ప్రశ్నించకుండా, ఫలానా దేశం నుంచి ఫలానా తేదీ తర్వాత వచ్చారు కాబట్టి అందరికీ రక్షణ అని మూకుమ్మడిగా ప్రకటించడం అది. అంతకుముందు సిరియా నుంచి వచ్చినవారికి ఆ తలుపు ఎందుకు తెరవలేదన్న ప్రశ్న అప్పుడే పుట్టింది, ఇంకా చల్లారలేదు.

వీటన్నిటి కింద ఒక్క సూత్రం ఉంది. ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పు ఉన్న చోటికి ఎవరినీ బలవంతంగా తిప్పి పంపకూడదు. ఒప్పందంలో అది 33వ అధికరణం. సంతకం చేయని దేశాలకు కూడా అంతర్జాతీయ ఆచారంగా ఇది వర్తిస్తుందని చాలామంది న్యాయ నిపుణుల మాట. అందరూ ఒప్పుకోరు.

ధనుష్కోడి ఇసుక మీద మూడు పడవలు

ఇప్పుడు ఈ కొలతను మనకు దగ్గరి చోట పెట్టి చూద్దాం. తలైమన్నార్ నుంచి ధనుష్కోడికి సముద్రం మీద దూరం సుమారు 30 కిలోమీటర్లు. మా ఇంటి నుంచి గుమ్మిడిపూండికి వెళ్లే దూరం కంటే తక్కువ. ఒకప్పుడు ఎగ్మోరు స్టేషన్లో కొలంబోకు టికెట్ ఇచ్చేవారు. ధనుష్కోడి దాకా రైలు, అక్కడి నుంచి ఓడ, అవతల మళ్లీ రైలు. 1964 డిసెంబరు తుఫాను ధనుష్కోడి పట్టాలను మింగేసింది. ఆ తర్వాత పడవల్లో వచ్చినవారికి టికెట్లు లేవు.

మొదటి పడవ 1983ది అనుకుందాం. ఆ జులైలో జాఫ్నాలో తమిళ పులుల (ఎల్‌టీటీఈ) దాడిలో 13 మంది సైనికులు చనిపోయారు. దాని వెంటనే కొలంబోలోనూ ఇతర పట్టణాల్లోనూ తమిళుల మీద మూకలు విరుచుకుపడ్డాయి. ఓటర్ల జాబితాలు చేత్తో పట్టుకుని ఇళ్లు వెతికారని నాటి కథనాలు చెబుతాయి. ఈ పడవలో వచ్చినవాడు 1951 నిర్వచనానికి నూటికి నూరు పాళ్లు సరిపోతాడు. అతన్ని వెతికింది అతని జాతి కోసమే.

రెండో పడవ 1990ది. మార్చిలో భారత శాంతి సేన వెనక్కి వచ్చింది, జూన్‌లో పులులకూ శ్రీలంక సైన్యానికీ మళ్లీ యుద్ధం మొదలైంది. ఆ దఫాలో 1.2 లక్షల మందికి పైగా ఇటు వచ్చారు. మా మేస్త్రి అప్పుడు ఎనిమిదేళ్ల పిల్లవాడు, మన్నార్ నుంచి. వారి కుటుంబాన్ని ప్రత్యేకించి ఎవరూ వెంటాడలేదు. రెండు తుపాకుల మధ్య ఊరు చిక్కుకుంది, అంతే. 1951 కొలతతో ఇతని కేసు వాదించుకోవాల్సిన కేసు. ఆఫ్రికా కొలతతో అనుమానమే లేదు.

మూడో పడవ 2022 మార్చిది. యుద్ధం ముగిసి పదమూడేళ్లు. శ్రీలంక ఖజానా ఖాళీ అయింది, పాలపొడి, కిరోసిన్, మందులు దొరకని పరిస్థితి. మార్చి 22న రెండు పడవల్లో 16 మంది, పసిపిల్లలతో సహా, ధనుష్కోడి వైపు వచ్చి దిగారు. పడవ నడిపేవారు ఒడ్డుదాకా రాకుండా ఇసుక దిబ్బల మీద దించేసి వెళ్లిపోవడం ఆ దారిలో మామూలే. ఆకలితో వచ్చినవాడు ఏ ఒప్పందం ప్రకారమూ సులువుగా శరణార్థి కాడు. కానీ ఆ పడవల్లో చాలామంది ఉత్తర ప్రాంతపు తమిళులు. యుద్ధంలో భూమి, పడవ, వల పోగొట్టుకుని నిలదొక్కుకోలేనివాడిని సంక్షోభం ముందుగా తాకితే, దాన్ని వట్టి ఆకలి అనాలా, యుద్ధం తోక అనాలా? నాకు రెండోదే నిజమనిపిస్తుంది. చట్టానికి మొదటిదే కనబడుతుంది.

1983 జులై నుంచి 2012 దాకా ఇలా వచ్చినవారి మొత్తం కేంద్ర హోం శాఖ లెక్కలో 3,04,269. చాలామంది తిరిగి వెళ్లారు, కొందరు ఇతర దేశాలకు వెళ్లారు. తమిళనాడులో వందకు పైగా ఉన్న క్యాంపుల్లో నేటికీ 50 వేలకు మించి ఉన్నారు. పోలీసుల దగ్గర నమోదై బయట ఇళ్లలో ఉంటున్నవారు మరో 30 వేలకు పైనే.

భారత చట్టంలో ఆ మాటకు చోటు లేదు

భారత్ 1951 ఒప్పందం మీదా 1967 ప్రోటోకాల్ మీదా సంతకం చేయలేదు. దేశంలో శరణార్థుల చట్టం కూడా లేదు. 1946 నాటి విదేశీయుల చట్టానికి తెలిసింది రెండే: పౌరుడు, విదేశీయుడు. పాస్‌పోర్టుతో వచ్చిన పర్యాటకుడూ ప్రాణభయంతో ఇసుక దిబ్బ మీద దిగిన పిల్లవాడూ దాని కంటికి ఒకటే. 2025 సెప్టెంబరు 1న ఆ చట్టం స్థానంలో కొత్త వలస, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. పాత చట్టాలు నాలుగింటిని ఒక్కటి చేసింది కానీ ఈ విషయంలో గీత అక్కడే ఉంది. సరైన పత్రాలు లేకుండా ప్రవేశిస్తే అయిదేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఆ శిక్ష నుంచి కొందరికి మినహాయింపు ఇస్తూ కేంద్రం ఒక ఉత్తర్వు తెచ్చింది. 2015 జనవరి 9 వరకు ఆశ్రయం పొంది, నమోదు చేయించుకున్న శ్రీలంక తమిళులు అందులో ఉన్నారు. వాట్సాప్‌లో తిరిగింది దీని గురించే. మినహాయింపు శిక్షకు వచ్చింది, హోదాకు రాలేదు. మేస్త్రి చెప్పింది అదే. ఆ తేదీకి శ్రీలంక చరిత్రలో ఒక గుర్తు ఉంది: కొలంబోలో రాజపక్స ఓడి, సిరిసేన అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజు. మన మూడో పడవకు ఆ తేదీ తలుపు మూసేసింది.

చట్టం లేదు కాబట్టి ఏమీ లేదనుకోకూడదు. క్యాంపులో గది, నెలనెలా కొంత నగదు, రేషన్, ప్రభుత్వ బడి, ఆసుపత్రి ఉన్నాయి. 2021లో తమిళనాడు ప్రభుత్వం నగదును కుటుంబ పెద్దకు నెలకు 1,500, ఇతర పెద్దలకు 1,000, పిల్లలకు 500 రూపాయలు చేసింది. 7,469 కొత్త ఇళ్లు కడతామంది. అప్పుడే క్యాంపుల పేరు కూడా "శ్రీలంక తమిళుల పునరావాస క్యాంపులు" అని మారింది, అంటే పేరులోంచి అగది అన్న మాట పోయింది. పేరు మారినా పోలీసుల క్యూ బ్రాంచ్ నిఘా ఉంది, తనిఖీ రోజున మనిషి కనబడాలన్న నియమం ఉంది. కేసులున్నవారిని తిరుచిరాపల్లిలోని ప్రత్యేక క్యాంపులో ఉంచుతారు. పేరుకు అది జైలు కాదు.

కోర్టులు ఈ ఖాళీని కొంత పూడ్చాయి, ఒకే దిశలో మాత్రం కాదు. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి అరుణాచల్‌లో ఉంటున్న చక్మాల కేసులో 1996లో సుప్రీంకోర్టు, 21వ అధికరణం కింద ప్రాణరక్షణ విదేశీయులకూ ఉందని, వారిని కాపాడాల్సింది రాష్ట్రమేనని చెప్పింది. 2021 మే 3న మణిపూర్ హైకోర్టు, మయన్మార్ నుంచి వచ్చిన ఏడుగురిని ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి కార్యాలయానికి క్షేమంగా వెళ్లనివ్వాలంటూ, తిప్పి పంపకూడదన్న సూత్రాన్ని 21వ అధికరణంలోనే చదువుకోవచ్చు అంది. దానికి నెల కూడా ముందు కాదు, ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు జమ్మూలోని రోహింగ్యాల తరలింపును ఆపడానికి ఒప్పుకోలేదు. ప్రాణరక్షణ అందరికీ ఉన్నా, దేశంలో నివసించే హక్కు పౌరులకే అన్నది ఆ తీర్పు. 2025 మేలో ఒక శ్రీలంక తమిళుడి పిటిషన్ విచారణలో, భారత్ ధర్మసత్రం కాదని సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. ఆ వ్యాఖ్య విడిగా ఊరంతా తిరిగింది. పిటిషనర్ ఉగ్రవాద నిరోధక చట్టం కింద శిక్ష పడినవాడన్న సంగతి దానితో పాటు తిరగలేదు.

ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు

పౌరసత్వం దగ్గరికి వస్తే లెక్క మరీ చిక్కుపడుతుంది. ఒక కుటుంబాన్ని ఊహిద్దాం, తేదీలు మాత్రం చట్టంలోవే తీసుకుందాం.

1984లో పడవెక్కి వచ్చిన దంపతులకు 1986లో రామేశ్వరం దగ్గరి మండపం అనే ఊరి క్యాంపులో ఒక అమ్మాయి పుట్టింది. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం 1987 జులై 1కి ముందు ఇక్కడ పుట్టినవారు, తల్లిదండ్రులు ఎవరైనా సరే, దాదాపు అందరూ పుట్టుకతోనే పౌరులు. అంటే క్యాంపులో పెరిగినా, అగది కార్డు చేతిలో ఉన్నా, ఆ అమ్మాయి భారతీయురాలు. ఇది ఊహ మాత్రమే కాదు. అచ్చం ఇలా 1986లో మండపంలో పుట్టిన ఒక మహిళకు పాస్‌పోర్టు ఇవ్వాలని 2022లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి ఆదేశించింది. ఆమె తమ్ముడు 1988లో పుట్టాడనుకోండి, అప్పటికి నియమం మారింది. తల్లిదండ్రుల్లో ఒకరైనా భారతీయులై ఉండాలి. అతను పౌరుడు కాడు.

ఈ అమ్మాయి పెద్దదై, 1990లో పాస్‌పోర్టు లేకుండా వచ్చిన కుర్రవాడిని పెళ్లి చేసుకుంది. 2004 ఆగస్టులో మొదటి బిడ్డ. తల్లి భారతీయురాలు కాబట్టి బిడ్డా భారతీయుడే. 2004 డిసెంబరు 3 నుంచి ఇంకో నియమం వచ్చింది: ఒకరు పౌరులైతే చాలదు, రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు. పత్రాలు లేకుండా వచ్చిన తండ్రి ఆ నిర్వచనంలో అక్రమ వలసదారే. 2006లో రెండో బిడ్డ పుట్టింది. అదే తల్లి, అదే తండ్రి, అదే గది. అన్నకు పౌరసత్వం ఉంది, చెల్లికి లేదు.

2019 పౌరసత్వ సవరణ ఇక్కడ అక్కరకు రాదు. అది పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ దేశాల నుంచి 2014 డిసెంబరు 31లోపు వచ్చిన ఆరు మతాలవారికి. శ్రీలంక అందులో లేదు. ఆ మూడు దేశాల్లో మతం పేరుతో అణచివేతకు గురైన మైనారిటీల కోసమే ఈ సవరణ అని కేంద్రం చెప్పింది. మరి హిందువులూ క్రైస్తవులూ అయిన శ్రీలంక తమిళుల సంగతి ఏమిటని తమిళనాడు పార్టీలు అడిగాయి.

ఇంకో మెలిక తేయాకు తోటలది. బ్రిటిష్ కాలంలో తమిళనాడు నుంచి సిలోన్ తోటలకు వెళ్లిన కూలీల సంతతికి 1948లో ఆ దేశం పౌరసత్వం నిరాకరించింది. 1964 అక్టోబరులో భారత ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రి, సిలోన్ ప్రధాని సిరిమావో బండారనాయకే కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం వారిలో 5.25 లక్షల మందిని భారత్ తీసుకోవాలి. అలాంటి ఒక తోట కుటుంబంలో అన్న ఆ ఒప్పందం కింద పత్రాలతో ఓడెక్కి వచ్చాడనుకోండి. ప్రభుత్వం అతన్ని "స్వదేశానికి తిరిగివచ్చినవాడు" అంది, పౌరసత్వం ఇచ్చింది. వంతు కోసం ఎదురుచూస్తూ ఆగిపోయిన తమ్ముడు యుద్ధంలో చిక్కుకుని 1990లో చేపల పడవలో వచ్చాడు. ఒకే తాత మనవలు. తమ్ముడు అక్రమ వలసదారు.

రంగం నుంచి వచ్చిన మనవాళ్లు

ఇదంతా తమిళుల గొడవ అని చెన్నైలోని తెలుగువారు కొందరు అనుకోవడం నేను విన్నాను. వారిని ఒకసారి బీచ్ స్టేషన్ ఎదురుగా ఉన్న బర్మా బజారుకు తీసుకువెళ్లాలి. రంగూన్‌ను శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల్లో రంగం అనేవారు. అక్కడి రేవుల్లో మూటలు మోసినవారిలో తెలుగువారు ఎంత మంది అంటే, కోరంగి రేవు పేరు మీద వారిని కోరంగీలనే పిలిచేవారు. 1930 మేలో రంగూన్‌లో జరిగిన అల్లర్లు తెలుగు రేవు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య మొదలైనవే. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది భారతీయులు అరకాన్ కనుమల గుండా, మణిపూర్ దారిన నడిచారు. దారిలో చచ్చినవారి లెక్క ఎవరికీ తేలలేదు. బర్మా అప్పటికే 1937లో భారత్ నుంచి విడిపోయింది కాబట్టి వారు సరిహద్దు దాటి వచ్చిన కాందిశీకులే, కానీ వచ్చింది సొంత దేశానికి. శరణార్థులు కారు.

1962లో నే విన్ సైనిక పాలన వచ్చింది. 1964లో దుకాణాలు జాతీయం చేసి, 50, 100 క్యాట్ నోట్లు రద్దు చేశారు. ఓడలు మళ్లీ మద్రాసుకూ విశాఖకూ వచ్చాయి. వాటిలో ఇండియా ముఖం ఎన్నడూ చూడనివారు కూడా ఉన్నారు. అయినా ప్రభుత్వం వారినీ "తిరిగివచ్చినవారు" అనే అంది, అప్పులిచ్చింది, స్థలాలిచ్చింది. విశాఖలో బర్మా క్యాంపు పేట, ఇక్కడ వ్యాసర్పాడి కాలనీ, బర్మా బజారు కొట్లు, సాయంత్రం పూట అత్తో (బర్మా నూడుల్స్) బండ్లు, అన్నీ అలా వచ్చినవే. సముద్రం దాటిన కష్టంలో తేడా లేదు. వారి చేతిలో భారత కాగితం ఉంది, గుమ్మిడిపూండి మేస్త్రి చేతిలో లేదు.

తియావు నది దగ్గర ఒక తీరు

కాగితం మాత్రమే కాదు, ఏ సరిహద్దు దాటారన్నదీ ఫలితాన్ని మారుస్తుంది. 2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యం గద్దెనెక్కాక చిన్ ప్రజలు తియావు నది దాటి మిజోరంకు వచ్చారు. చొరబాటును ఆపాలని, శరణార్థి హోదా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు లేదని కేంద్రం మార్చి 10న లేఖ రాసింది. వచ్చినవారు తమ రక్తబంధువులని, చూస్తూ ఊరుకోలేమని నాటి ముఖ్యమంత్రి జోరంథంగా ప్రధానికి లేఖ రాశారు. చర్చిలు, ఊరి యువజన సంఘాలు 30 వేల మందికి పైగా బియ్యం వండాయి. చట్టం ప్రకారం కేంద్రం మాటే సరి. నేల మీద జరిగింది వేరు.

టిబెటన్లకు 1960ల్లోనే కర్ణాటకలోని బైలకుప్పె వంటి చోట్ల భూమి దొరికింది, నమోదు పత్రం దొరికింది. శ్రీలంక తమిళులనూ టిబెటన్లనూ ప్రభుత్వం నేరుగా చూసుకుంటుంది. అఫ్గాన్లు, రోహింగ్యాల వంటివారి దరఖాస్తులు ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి కార్యాలయం పరిశీలిస్తుంది. అది ఇచ్చే కార్డుకు భారత చట్టంలో బలం లేదు. చెన్నై శివార్లలో కేలంబాక్కంలో ఉన్న కొద్ది రోహింగ్యా కుటుంబాలకు ఉన్న ఆధారం ఆ కార్డే.

ఎవరి వాదన ఏమిటి

చట్టం వద్దనేవారి వాదనను తేలిగ్గా తీసేయడం తప్పు. ఈ దేశపు సరిహద్దులు పొడవైనవి, చాలాచోట్ల కంచె లేనివి. 1971లో దాదాపు కోటి మంది తూర్పు బెంగాల్ నుంచి వచ్చినప్పుడు ఏ ఒప్పందమూ అడగకుండానే తిండి పెట్టిన దేశం ఇది. హక్కుగా రాసిపెడితే రేపు ఇంకో కోటి మంది వస్తే కాదనడానికి వీలుండదు, రాయకపోతే సందర్భాన్ని బట్టి ఉదారంగా ఉండవచ్చు అంటారు. భద్రత సంగతీ ఉంది. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగాక తమిళనాడు మనసు ఎంత మారిందో ఆనాడు ఇక్కడున్నవారికి చెప్పనక్కరలేదు. ఒకరిని శరణార్థి అంటే పక్క ప్రభుత్వాన్ని హింసకుడు అన్నట్టే కదా అన్నది దౌత్యవేత్తల బాధ. ఆశ్రయం ఇవ్వడం శత్రు చర్య కాదని 1967లో ఐక్యరాజ్యసమితి ప్రకటించినా ఆ బాధ పోలేదు.

చట్టం కావాలనేవారు అదే చరిత్రను తిప్పి చూపిస్తారు. ఉదారత సందర్భాన్ని బట్టి వస్తే, సందర్భాన్ని బట్టి పోతుంది కూడా. 1990లో చేరదీసిన రాష్ట్రమే 1992 నుంచి ఓడలెక్కించి పంపడం మొదలుపెట్టింది. 1995 దాకా 50 వేల మందికి పైగా వెళ్లారు. వారు నిజంగా ఇష్టపడే వెళుతున్నారా అన్న సందేహంతోనే ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ చెన్నైలో కార్యాలయం తెరిచింది. ఎవరు శరణార్థి, ఎవరు కాదు అని తేల్చే పద్ధతి చట్టంలో ఉంటే భద్రతకే మేలు, ఎవరు లోపలున్నారో ప్రభుత్వానికి తెలుస్తుంది అన్నది వీరి మాట. శశి థరూర్ 2015లోనూ 2022లోనూ లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. చట్టం కాలేదు. నా మటుకు నాకు ఈ రెండో వాదనలో బరువు ఎక్కువ కనబడుతుంది, కాకపోతే చట్టం వస్తే అది ఉదారంగానే ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

శరణార్థులది మూడో మాట, అందులోనూ ఏకాభిప్రాయం లేదు. ఎస్.సి. చంద్రహాసన్ 1984లో చెన్నైలో మొదలుపెట్టిన ఈళం శరణార్థుల పునరావాస సంస్థ ఏళ్లుగా తిరిగి వెళ్లడానికి సిద్ధం కావడం గురించే మాట్లాడింది. శ్రీలంక ఉత్తర ప్రాంతంలో తమిళుల సంఖ్య తగ్గితే అక్కడి పార్లమెంటులో వారి గొంతూ తగ్గుతుంది కదా అని దాని వెనుక లెక్క. ముసలివారికి జాఫ్నా తాటితోపులు కలలో వస్తాయి. ఇక్కడ ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం దగ్గర గుర్తింపు కాగితాల వద్ద ఆగిపోయిన మనవడికి ఆ తాటితోపు ఫోటో మాత్రమే.

వెనక్కి వెళ్లాలన్నా కాగితమే

వెళ్లిపోతామన్నవారికి కూడా దారి సూటిగా లేదు. ఇక్కడ పుట్టిన పిల్లలు శ్రీలంక పౌరులు కావాలంటే వారి పుట్టుకను చెన్నైలోని శ్రీలంక డిప్యూటీ హైకమిషన్‌లో నమోదు చేయించాలి. దానికి తల్లిదండ్రుల లంక పత్రాలు కావాలి. రాత్రిపూట పడవెక్కినవారు వాటిని తెచ్చుకోలేదు. తెచ్చుకున్నవి కొన్ని తడిశాయి. తర్వాత ఇక్కడి నుంచి బయటికి వెళ్లే అనుమతి, వీసా లేకుండా ఉన్న ఏళ్లకు జరిమానా మాఫీ. అటు చేరాక భూమి సైన్యం చేతిలో ఉందో, పక్కవాడి చేతిలో ఉందో చూసుకోవాలి. మన ఊహా కుటుంబంలోని 2006 బిడ్డకు ఇటు పౌరసత్వం రాలేదు. అటు నమోదు కాకపోతే లంక పౌరసత్వమూ ఉండదు. దేశరహితులు అన్న మాటకు అర్థం చూడాలంటే మరో దేశం వెళ్లనక్కరలేదు, లోకల్ రైలు చాలు.

శుక్రవారం సాయంత్రం మా మెట్ల గోడకు రెండో పూత సగంలో ఉండగానే మేస్త్రి డబ్బాలు మూసేశాడు. రేపు క్యాంపులో తనిఖీ ఉంది, సోమవారం వస్తానన్నాడు. పక్కింటి పెద్దాయన మళ్లీ అడిగారు, ఇంతకీ మీ సొంత ఊరు ఏది అని. "మన్నార్ అని రాసి ఉంటుంది సార్" అని, ఆరు గంటల రైలు అందుకోవాలంటూ దిగిపోయాడు.